నిండిన పుస్తకం, నానిన పుస్తకం



ముప్పై ఏళ్ళకు పైగా శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని నేను. అట్ట ఊడితే అతికించడం, తడిస్తే ఆరబెట్టడం, చెదపట్టినదాన్ని మంచివాటి నుంచి విడదీయడం. నా ఉద్యోగమంతా ఇదే. పుస్తకాన్ని ఎలా చూసుకోవాలో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదని ఒక ధీమా ఉండేది. ఆ ధీమాని మా మనవడు పోగొట్టాడు. వాడికి పన్నెండేళ్ళు. అదీ ఎక్కడ? అమెరికాలో, ఒక అడవిలో, పడిపోయిన చెట్టు మొద్దు పక్కన, సన్నటి వానలో.

ఆ కథ చెబుతాను. కథతోపాటు మూడు మాటలు చెబుతాను. చిన్న మాటలే. చోటు వెతకండి. పాతది తీయకండి. పెట్టినవాళ్ళకు చెప్పండి. ఇప్పుడివి అర్థం కాకపోయినా ఫరవాలేదు. నేను సెలవు తీసుకునేలోపు ఇంకో రెండు మూడుసార్లు అంటాను.

మా అమ్మాయి వాళ్ళు ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లండ్ నగరం పక్కన బీవర్టన్‌లో ఉంటారు. నేను వెళ్ళిన రెండో శనివారం, పొద్దున్నే మావాడు బూట్లు కట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మమ్మా, క్యాష్ వెతకడానికి వెళ్తున్నాం. వస్తావా?" అన్నాడు.

నాకు గుండె ఝల్లుమంది. "ఎవరి డబ్బు పోయిందిరా?" అన్నాను.

వాడు పడీ పడీ నవ్వాడు. వాడి క్యాష్ వేరు, మన క్యాష్ వేరు. వాడిది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. దాచిపెట్టినది అని అర్థం. ఆ ఆట పేరు జియోక్యాషింగ్. భూమి మీద ఎక్కడో దాచినదాన్ని వెతికి పట్టుకోవడం.

ఆట ఎలా ఆడతారో వినండి. ఎవరో ఒకరు ఒక డబ్బా తీసుకెళ్ళి ఏ పార్కులోనో, ఏ కొండ దారిలోనో దాస్తారు. అది ఉన్నచోటు అక్షాంశం, రేఖాంశం ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఫోను చేతపట్టుకుని, ఉపగ్రహాలు చూపించే దారిన వెళ్ళి వెతుకుతారు. ఫోను మిమ్మల్ని ఆ చోటి దరిదాపుల దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత మీ కళ్ళే మీకు దిక్కు. డబ్బా దొరికిందా, మూత తీయాలి. లోపల పిల్లల బొమ్మలో, గోలీలో ఉంటే ఒకటి తీసుకోవచ్చు. తీసుకుంటే దానికి తగ్గది ఇంకొకటి పెట్టాలి. లోపల ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని లాగ్‌బుక్ అంటారు. అందులో పేరు, తేదీ రాసి సంతకం పెట్టాలి. డబ్బాని ఎక్కడ తీశామో అక్కడే, ఎలా ఉందో అలాగే, దాచేసి రావాలి. ఇంతే ఆట. ప్రపంచమంతటా ఇలాంటి డబ్బాలు ముప్పై లక్షలకు పైగా ఉన్నాయి. మన హైదరాబాదులోనూ కొన్ని ఉన్నాయి.

ఇందులో ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. బొమ్మలు లేకపోయినా ఆట ఉంటుంది. పుస్తకం లేకపోతే ఆట లేదు. ఎందుకంటే నేను వచ్చాను, నాకు దొరికింది అనడానికి సాక్ష్యం ఆ సంతకమే. ఇంటికి వెళ్ళి ఇంటర్నెట్‌లో "కనుక్కున్నాను" అని రాసుకోవచ్చు. కానీ డబ్బాలోని పుస్తకంలో పేరు లేకపోతే, డబ్బా పెట్టినవాళ్ళు ఆ రాతని కొట్టేయవచ్చు. అది వాళ్ళ హక్కు.

ఈ పుస్తకం నిన్నమొన్న వచ్చి చేరింది కాదు. ఆట పుట్టినరోజు నుంచీ ఉంది. 2000వ సంవత్సరం మే నెల. అప్పటిదాకా ఉపగ్రహాలు చూపించే దారి మామూలు జనానికి సరిగ్గా అందేది కాదు. అమెరికా ప్రభుత్వమే కావాలని ఆ సంకేతాన్ని కాస్త చెడగొట్టి వదిలేది. సైన్యానికి ఒక లెక్క, జనానికి ఒక లెక్క. మే 2న ఆ అడ్డు తీసేశారు. నిన్నటిదాకా ఫలానా వీధి అని చెప్పే యంత్రం, తెల్లారేసరికి ఫలానా చెట్టు అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మర్నాడే, మే 3న, డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్టు తీసుకెళ్ళి అడవి దారి పక్కన పెట్టాడు. అది కూడా ఆరెగాన్ రాష్ట్రమే. మా అమ్మాయి ఇంటి నుంచి కారులో వెళ్ళి రాగల దూరమే. బకెట్టులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా వేశాడు. వాటితోపాటు ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు. ఏమన్నా తీసుకోండి, ఏమన్నా పెట్టండి, పుస్తకంలో రాయండి అన్నాడు. మూడు రోజుల్లోనే కనుక్కున్నారు జనం. ఇప్పుడు ఆ చోట ఒక స్మారక ఫలకం ఉంది.

దీనికి తాతలాంటి ఆట ఇంకొకటి ఉంది. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అని పెద్ద బీడుభూమి. 1854లో అక్కడ దారి చూపించే పని చేసే జేమ్స్ పెరట్ అనే ఆయన, క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. అంత బురదలో పడి నడిచొచ్చినవాళ్ళు తమ పేరున్న కార్డు ఆ సీసాలో వేసి వెళ్ళేవారు. మనిషికి ఆ సరదా ఎప్పుడూ ఉంది చూడండి. ఇంతదూరం వచ్చాను, నా గుర్తు ఒకటి ఉండనీ అని. మన గోల్కొండ కోటకు వెళ్ళండి. గోడల మీద మేకులతో గీకిన పేర్లు కనబడతాయి. అదీ ఆ సరదాయే. కాకపోతే అది గోడకు గాయం. పేరు రాసుకోవడానికి ఒక పుస్తకం పెట్టి, ఇక్కడ రాయండి బాబూ అన్నవాళ్ళు ఎంత మర్యాద తెలిసినవాళ్ళో!

ఇక అసలు విషయానికి వస్తాను. పుస్తకం కదా, ఎప్పుడో ఒకప్పుడు నిండుతుంది. కాగితం కదా, ఎప్పుడో ఒకప్పుడు నానుతుంది. అప్పుడేం చేయాలి?

మొదటి మాట. చోటు వెతకండి.

ఆ శనివారం మాకు రెండోసారి దొరికింది చాలా చిన్న డబ్బీ. పాతకాలంలో ఫొటో ఫిల్ము రీలు వచ్చేది చూడండి, నల్ల డబ్బీ, బూడిదరంగు మూత. మన ఇళ్ళల్లో అందులో వక్కపలుకులు పోసుకునేవాళ్ళం. అలాంటిది. లోపల పుస్తకం పట్టదు కదా, పొడుగాటి కాగితపు చీలిక ఒకటి చుట్టి పెట్టారు. విప్పి చూస్తే మొదటి నుంచి చివరి దాకా సంతకాలే.

నేను నా ఉద్యోగపు అలవాటుతో అనేశాను. "రిజిస్టరు నిండిపోయింది నాన్నా. ఇంకేం చేస్తాం, పద."

వాడు కదల్లేదు. కాగితాన్ని తిరగేశాడు. వెనకవైపు కూడా నిండింది. వెలుతురుకు పట్టి చూశాడు. రెండు సంతకాల మధ్య, చీమ దూరేంత సందు. అక్కడ తన పేరులో మొదటి అక్షరం, తేదీ, పెన్సిలుతో రాశాడు. నా వంక చూసి, "నీకు అంచున చోటుంది అమ్మమ్మా" అన్నాడు. నేను కళ్ళజోడు సర్దుకుని తెలుగులో ఒక్క "అ" రాశాను. నా పేరు అన్నపూర్ణ కదా, అందులోని "అ".

చూశారా, నిండిన పుస్తకం అంటే చోటు లేని పుస్తకం కాదు. అట్ట లోపలివైపు ఉంటుంది. అంచు ఉంటుంది. పేజీ వెనక ఉంటుంది. ముందు అక్కడ చూడండి. పేరంతా రాయనక్కర్లేదు. పొడి అక్షరాలు చాలు.

నిజంగానే ఎక్కడా చోటు లేదనుకోండి. అప్పుడు మీ దగ్గరున్న ఒక చిన్న చీటీ మీద సంతకం పెట్టి, పాత కాగితంతోపాటు లోపల ఉంచండి. మావాడి భుజాన ఒక చిన్న సంచీ ఉంటుంది. రెండు పెన్సిళ్ళు, కత్తిరించిన కాగితపు చీలికలు, జిప్ కవర్లు, ఒక పాత గుడ్డపీలిక, కంసాలి చేతిలో ఉంటుందే శ్రావణం, అలాంటిది ఒకటి. శ్రావణం ఎందుకురా అంటే, మర్నాడు చూపించాడు. ఒక ఇనుప కటకటాలకు అయస్కాంతంతో అంటుకుని, చిటికెనవేలి గోరంత డబ్బీ. దానిలో కాగితం ఎలా ఉందంటే, అచ్చం తాయెత్తులో చుట్టిపెట్టిన యంత్రంలా ఉంది. వేళ్ళతో తీస్తే చిరుగుతుంది. శ్రావణంతో తీస్తే బతుకుతుంది.

చీటీ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. కుక్కకండి. డబ్బీ చిన్నది, మనసు పెద్దది అని నాలుగు కాగితాలు దూర్చి మూత బిగిస్తే ఏమవుతుంది? కాగితం కొస మూత సందులో ఇరుక్కుంటుంది. బయటి తడిని అదే దీపపు వత్తిలా లోపలికి లాగుతుంది. సాయం చేయబోయి పుస్తకాన్ని ముంచినవాళ్ళమవుతాం. ఒక్క చీటీ, చిన్నది, మూత పూర్తిగా బిగిసేలా. అంతే.

అసలు పుస్తకం త్వరగా నిండకుండా మనం కూడా చూడవచ్చు. కొందరు అరపేజీ సంతకం పెడతారు. కొందరు రంగురంగుల స్టిక్కరు అంటిస్తారు. లావుపాటి నోటుపుస్తకం ఉంటే రాయండి, కథే రాయండి, దారిలో నెమలి కనబడిందో జింక కనబడిందో రాయండి. పెట్టినవాళ్ళు చదివి మురిసిపోతారు. కానీ గోరంత కాగితం మీద గుమ్మడికాయంత సంతకం పెట్టకండి. మన వెనక కూడా మనుషులొస్తారు.

రెండో మాట. పాతది తీయకండి.

ఇక్కడే నా ధీమా పోయింది. ఆరెగాన్‌లో వాన మన వానలా ధభీమని పడి వెళ్ళిపోదు. శీతాకాలమంతా ముసురు. ఆకాశం జల్లెడలోంచి నీళ్ళు వదిలినట్టు. చెట్ల మీద నాచు, రాళ్ళ మీద నాచు, ఆగితే మన మీద కూడా నాచు పడుతుందేమో అనిపిస్తుంది. అలాంటి రోజున, ఆకాశాన్నంటే డగ్లస్ ఫర్ చెట్ల కింద, ఒక మొద్దు తొర్రలో మాకో ప్లాస్టిక్ డబ్బా దొరికింది. మూత ఒక మూల పగిలింది. లోపల అరచెయ్యి మునిగేంత నీళ్ళు. ఆ నీళ్ళలో ఒక నోటుపుస్తకం. పాలలో నానిన అటుకుల్లా ఉంది.

నా చేతులు ఊరుకుంటాయా? తడిసిన పుస్తకాన్ని ఎలా బతికించాలో నాకు తెలుసు. పేజీలు లాగకూడదు. పిండకూడదు. ఎండలో పెట్టకూడదు. కాస్త ఆరిన తర్వాత మధ్య మధ్య పీల్చుకునే కాగితం పెట్టి, నీడన, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. ఆ కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి. ఇదంతా నోటికొచ్చు నాకు.

"ఇంటికి తీసుకెళ్దాం నాన్నా. ఆరబెట్టి, వచ్చేవారం తెచ్చి పెడదాం. ఇప్పటికి ఒక కొత్త పుస్తకం ఇక్కడ ఉంచుదాం" అన్నాను.

వాడు డబ్బా మీద చెయ్యి పెట్టాడు. "అది మనది కాదు అమ్మమ్మా" అన్నాడు.

శ్రోతలారా, ముప్పై ఏళ్ళు పాఠకులతో నేను అన్న మాట అది. పేజీల అంచులు మడిచేవాళ్ళతో, పద్యం నచ్చిందని ఆకు చింపుకునేవాళ్ళతో, "అయ్యా, ఇది మీది కాదు" అని ఎన్నిసార్లు అన్నానో. ఆ మాట నాకే తిరిగొచ్చింది.

నేను మంచే చేద్దామనుకున్నాను. కానీ ఆలోచించి చూడండి. నేను పుస్తకం తీసుకెళ్ళిన మర్నాడు ఆ డబ్బా పెట్టిన ఓనరే వచ్చి చూస్తే? పుస్తకం పోయిందనుకుంటాడు. ఆయన పాత సంతకాలు సరిచూసుకోవాలనుకుంటే? సాక్ష్యం నా దగ్గర, బీవర్టన్‌లో, బాల్కనీలో ఆరుతూ ఉంటుంది. వారం తిరక్కుండానే నాకు జ్వరం వచ్చి నేను వెళ్ళలేకపోతే? అడిగి చేస్తే అది సాయం. అడక్కుండా చేస్తే అది, ఎంత మంచి మనసుతో చేసినా, పరాయి సొత్తు మీద చెయ్యి వేయడమే.

ఇంకో సంగతి చెప్పాలి. నా తప్పు ఒకటి. మా గ్రంథాలయానికి రోజూ వచ్చే పాఠకులు సంతకం పెట్టడానికి ఒక రిజిస్టరు ఉండేది. నిండినవి అటక మీద పడేసేవాళ్ళం. ఒక ఏడాది అటక దులిపించి, పాత రిజిస్టర్లన్నీ కాటాకి వేయించేశాను. చదవడానికి పనికొచ్చేవి కావు కదా అనుకున్నాను. కొన్నాళ్ళకు ఒకాయన వచ్చాడు. వేరే ఊళ్ళో ఉద్యోగమట. "మా నాన్నగారు సాయంత్రం పూట ఇక్కడికి వచ్చేవారండీ. ఆయన సంతకం ఒకటి చూపిస్తారా? వేలిముద్ర కాదు, సంతకమే పెట్టేవాడు మా నాన్న అని మా పిల్లలకు చూపించాలి" అన్నాడు. ఆ పెద్దాయన రాత్రిబడిలో చదువుకున్న మనిషి. నేనేం చూపించను? శనక్కాయల పొట్లాలైపోయాయి ఆ సంతకాలు.

అందుకే రెండో మాట గట్టిగా చెబుతున్నాను. నిండిన పుస్తకం చెత్త కాదు. నానిన పుస్తకం చెత్త కాదు. అది ఎవరికి ఏమవుతుందో మనకు తెలియదు. పాతది తీయకండి.

మరి ఆ రోజు మేమేం చేశామంటే, డబ్బాలో నీళ్ళు పారబోశాం. గుడ్డపీలికతో లోపల తుడిచాం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తడి పుస్తకాన్ని పేజీలు కదపకుండా అలాగే ఒక జిప్ కవరులో పెట్టాం. పొడి చీటీ మీద మా ఇద్దరి సంతకాలు పెట్టి, దాన్ని వేరే కవరులో పెట్టాం. తడిదీ పొడిదీ ఒకే కవరులో పెడితే రెండూ తడే అవుతాయి కదా. మూత పగులు కిందివైపుకు వచ్చేలా డబ్బాని తిప్పి, తొర్రలో పెట్టాం. ఫొటో తీసుకున్నాం. చీటీ కూడా వేసే వీలు లేనప్పుడు ఆ ఫొటోయే మీ సాక్ష్యం. దాన్ని డబ్బా పెట్టినవాళ్ళకు పంపండి. ఒప్పుకోవడం మానడం వాళ్ళ ఇష్టం. ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఇదే కోవలో ఇంకో పొరపాటు ఉంది. డబ్బా ఎంత వెతికినా కనబడదు. పోయిందేమో అనుకుని, జేబులోంచి ఒక కొత్త డబ్బా తీసి అక్కడ పెట్టేసి, అందులో సంతకం పెట్టేసి వస్తారు కొందరు. పాతది పోలేదు, మన కంటికి కనబడలేదంతే అనుకోండి. ఒకే చోట రెండు డబ్బాలు, రెండు పుస్తకాలు! వచ్చినవాళ్ళు ఏది అసలో తెలియక తికమక. కనబడకపోతే కనబడలేదని రాయండి. అందులో నామోషీ లేదు.

మూడో మాట. పెట్టినవాళ్ళకు చెప్పండి.

ఆ మూత పగిలిన డబ్బా సంగతి ఇంటికి వచ్చి చూస్తే ఆశ్చర్యమేసింది. ఇంటర్నెట్‌లో దాని పేజీలో మా ముందు వచ్చినవాళ్ళ రాతలున్నాయి. "దొరికింది, పుస్తకం తడిగా ఉంది." "దొరికింది, బాగా తడిసింది." "దొరికింది, రాయడం కుదరలేదు." ఒకరి కింద ఒకరు రాసుకుంటూ పోయారు. ఓనరుకు నేరుగా చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరో చెప్పే ఉంటారులే అని అందరూ అనుకున్నారు.

మన ఊళ్ళో బోరింగు పిడి వదులైనప్పుడు ఇంతే కదా! పొద్దున్న బిందె పట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ "పిడి ఊగుతోందే" అంటారు. ఎవరో పంచాయతీకి చెప్పే ఉంటారనుకుంటారు. ఒకరోజు పిడి చేతికొస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ఎవరూ చెప్పలేదని.

డబ్బా వెతికే యాప్‌లోనే ఓనరు దృష్టికి తీసుకురావడానికి వేరే దారి ఉంటుంది. మామూలు రాతతో పాటు దాన్ని కూడా వాడాలి. కొందరికి మొహమాటం. అది వాడితే పెట్టినవాళ్ళను తప్పు పట్టినట్టు ఉంటుందేమో అని. కాదండీ. అది ఫిర్యాదు కాదు, కబురు. పక్కింటివాళ్ళ పెరటి తలుపు తెరిచి ఉంటే చెబుతామా లేదా? అలాంటిదే.

ఎలా చెప్పాలి? ఉన్నదున్నట్టు, రెండు ముక్కల్లో. మావాడు రాసింది నాకు గుర్తుంది. "మీ డబ్బా మూత పగిలింది. పుస్తకం తడిసింది. నీళ్ళు తుడిచాం. పుస్తకాన్ని కవరులో పెట్టాం. చీటీ వేశాం. ఇంకేమన్నా చేయమంటారా?" చూడండి, ఏం జరిగిందో ఉంది, మేమేం చేశామో ఉంది. చివర ఒక ప్రశ్న ఉంది. "మీ డబ్బా చెత్తగా ఉంది" అన్నా అదే సమాచారం. కానీ ఆ మాట విన్నవాళ్ళు వానలో బూట్లు వేసుకుని రారు.

ఇంకో చిన్న మర్యాద. అందరూ చదివేచోట రాసేటప్పుడు, పుస్తకం తడిసిందనండి చాలు. "మొద్దు తొర్రలో ఎడమవైపు నాచు కింద ఉన్న డబ్బాలో" అనకండి. ఫొటో కూడా దాచినచోటు కనబడేలా పెట్టకండి. వెతికే సరదా తర్వాతవాళ్ళకు మిగలాలి కదా.

ఇక డబ్బా పెట్టినవాళ్ళకు కూడా ఒక మాట. పెట్టి మరిచిపోవడానికి అది కొబ్బరిమొక్క కాదు. పుస్తకం నిండిందని కబురు వస్తే వెళ్ళి కొత్తది పెట్టడం మీ బాధ్యత. ఎంతకూ స్పందించకపోతే, ఆట చూసే స్వచ్ఛంద సేవకులు ఉంటారు, వాళ్ళు మీ డబ్బాని జాబితాలోంచి తీసేస్తారు. మూత బిగుతుగా ఉండే డబ్బా కొనండి. లోపల పెన్సిలు ఉంచండి. కొత్త చెప్పుల పెట్టెలో గుళికల పొట్లం వస్తుంది చూడండి, అది ఒకటి వేయండి. కాస్త చెమ్మ పీల్చుతుంది. కానీ పగిలిన మూతకు గుళికల పొట్లం మందు కాదు. మూతే మార్చాలి.

ఇంతకీ ఆ నానిన పుస్తకం ఏమైంది?

రెండో రోజే ఓనరు నుంచి జవాబు వచ్చింది. ఆయన పెద్దాయనట. మోకాళ్ళ నొప్పులట. వాన తగ్గేదాకా ఆ దారిన దిగలేనన్నాడు. కొత్త డబ్బా, కొత్త పుస్తకం మీరే పెట్టగలరా అని అడిగాడు. పాతదాన్ని తీసుకెళ్ళి, వీలైతే ఆరబెట్టి, తనకు పోస్టులో పంపమన్నాడు. చివర ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "మొదటి పేజీలో గుడ్లగూబ ఉందా?"

అప్పుడు తీసుకొచ్చాం పుస్తకాన్ని. అప్పుడు నా చేతులకు పని దొరికింది. మూడు రోజులు పట్టింది. మా అమ్మాయి వంటింటి గట్టు మీద పాత కాగితాలు పరిచి, పేజీకి పేజీకి మధ్య టిష్యూ కాగితం పెట్టి, పూటపూటకూ మార్చుకుంటూ కూర్చున్నాను. జెల్ పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలైపోయాయి. పేర్లు పోయాయి. పెన్సిలుతో రాసినవి అక్షరం చెక్కుచెదరలేదు. శ్రోతలారా, అడవికి వెళ్ళేటప్పుడు పెన్సిలే పట్టుకెళ్ళండి. ఇది నాలుగో మాట అనుకోండి, ఊరికే ఇస్తున్నాను.

మూడో రోజు సాయంత్రానికి మొదటి పేజీ అట్ట నుంచి విడివడింది. మైనపు రంగు బలపంతో గీసిన గుడ్లగూబ. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది. కింద వంకర అక్షరాలతో ఒక చిన్నపిల్ల పేరు. మైనానికి నీళ్ళు పట్టవు కదా, రంగు రంగులాగే ఉంది. ఆ పిల్ల ఎవరో ఆయన చెప్పలేదు. మేం అడగలేదు.

"గుడ్లగూబ బతికింది" అని మావాడు ఆయనకు కబురు పెట్టాడు.

నేను కాటాకి వేసిన రిజిస్టర్లు తిరిగి రావు. ఆ కొడుక్కి నేను తండ్రి సంతకం చూపించలేను. అది నాతోనే ఉంటుంది. కానీ ఆ రోజు వంటింటి గట్టు ముందు నిలబడి, నేను నేర్చుకున్న పని ఒక్కసారికి సరైన చోట అక్కరకొచ్చిందనుకున్నాను. అదీ ఎందుకు? ఒక పన్నెండేళ్ళవాడు డబ్బా మీద చెయ్యి పెట్టి నన్ను ఆపాడు కాబట్టి. అడగమన్నాడు కాబట్టి.

మరోసారి చెబుతాను, ఇదే ఆఖరుసారి. చోటు వెతకండి. పాతది తీయకండి. పెట్టినవాళ్ళకు చెప్పండి. మీరు జీవితంలో ఒక్క డబ్బా వెతకకపోయినా ఫరవాలేదు. గుళ్ళో అన్నదానం పుస్తకమో, అపార్ట్‌మెంటు గేటు దగ్గర రిజిస్టరో, బడిలో సందర్శకుల పుస్తకమో మీ ముందుకు వస్తూనే ఉంటుంది. అక్కడా ఇవే మూడు మాటలు.

ఆ తర్వాతి శనివారం కొత్త డబ్బా, కొత్త పుస్తకం తీసుకుని ఆ మొద్దు దగ్గరికి వెళ్ళాం. మావాడు పుస్తకం తెరిచి, కొత్త కాగితం వాసన చూసి, మొదటి పేజీ మీద పెన్సిలు పెట్టాడు.

ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టాను. "ఆగు నాన్నా. అది మనది కాదు. ఆయన మోకాళ్ళు బాగయ్యాక వస్తాడు. మొదటి పేజీ ఆయనకుండనీ" అన్నాను.

వాడు నవ్వి, పేజీ తిప్పాడు. రెండో పేజీలో, పై వరసలో, ఇద్దరం చిన్న అక్షరాలతో రాశాం. వాడు ఇంగ్లీషులో, నేను తెలుగులో. మూత నాలుగువైపులా నొక్కి చూసి, తొర్రలో పెట్టి, పైన నాచు కప్పి వచ్చేశాం.